ఐదువేళ్ల ఆకు

ఆ రోజుల్లో (ఎంతో కాలం కాలేదులెండి, కరోనా కాస్త వెనక్కి తగ్గినప్పటి సంగతి) ఈ దేశంలో నాకు భయం పుట్టించనిది లేదు. లిఫ్టులో కెమెరాకి కూడా నమస్కారం పెట్టేదాన్ని. కాకినాడ నుంచి కొత్తగా దుబాయ్ పక్కనున్న అజ్మాన్ వచ్చి, ఒక క్లినిక్‌లో నర్సుగా చేరి, మావైపు నర్సులతోనే ఫ్లాట్‌లో సర్దుకున్నాను. మాలో పెద్దావిడని పెద్దక్క అనేవాళ్లం. ఆవిడ సెలవుకెళ్లి తెచ్చుకున్న గోంగూర విత్తనాలు బాల్కనీలో పాత పెయింటు బకెట్లలో చల్లితే, ఈ ఎండ ఏం ఒంటబట్టిందో, మొక్కలు నా భుజాలదాకా లేచాయి.

పక్క ఫ్లాట్‌లో హైదరాబాదు ఇంజినీరుగారొకరు. ఇంటినుంచే ఉద్యోగం కావడంతో లోకంలోని విద్యలన్నీ ఫోన్లో నేర్చేసుకుంటున్నారు. ఒక సాయంత్రం ఆయన తన బాల్కనీ నుంచి మా మొక్కల్ని చూసి, మాస్కు బిగించుకుని మా తలుపు కొట్టారు.

"చెల్లెమ్మా, అది గోంగూర అని ఎవరు చెప్పిన్రు? ఆకుకు ఐదు వేళ్లు, అంచుకు రంపం పండ్లు, నిటారు కాండం. గంజాయి! మొగ్గ మీద నూగు చూడు, ఆడ మొక్క. మత్తంతా ఆడ మొక్కలనే ఉంటది."

మనిషి అనాటమీ మొత్తం బట్టీపట్టి పాసైన నేను మొక్క అనాటమీ ముందు చేతులెత్తేశాను. "పెద్దక్క గోంగూరనే చెప్పిందండీ..." అని నసిగితే, "విత్తనాలమ్మినోడు మోసం జేసిండు. పోలీసులు వింటరా? జైలు, ఆపైన వీసా ఖలాస్!" అన్నారు.

పారేద్దామంటే చెత్తగది దగ్గర కెమెరా, కాల్చేద్దామంటే వాసన. చివరికి ఇద్దరం కలిసి బకెట్లు మోసుకెళ్లి బాత్రూంలో దాచి దుప్పటి కప్పాం. (ఆయన వేలిముద్రలు పడకుండా గ్లవుజులు అడిగారు. నావి పడినా పర్వాలేదు కాబోలు.)

ఇంతలో డ్యూటీ నుంచి పెద్దక్క వచ్చింది.

"బాత్రూంలో గోంగూరేంటే? తలంటు పోస్తున్నావా?"

ఇంజినీరుగారు పాఠం మళ్లీ మొదలెట్టారు. ఆవిడ చివరిదాకా వింది (అదే ఆవిడ క్రూరత్వం). విని, ఒక ఆకు తుంచి, "నోరు తెరవండి" అంది. "అమ్మో, బ్లడ్ టెస్టులో దొరుకుతది!" అని ఆయన వెనక్కి జరిగారు. ఆకు నావైపు తిరిగింది. కళ్లు మూసుకుని, "యేసయ్యా, నా వీసా నీ చేతుల్లో ఉంది" అనుకుని నమిలాను. ఒకటే పులుపు, పళ్లు జివ్వుమన్నాయి.

"తల తిరుగుతుందా?" అన్నారాయన ఆత్రంగా.

"అన్నం తినాలనిపిస్తోందండీ."

"బాబూ, మీరు గోంగూరని పచ్చడి సీసాలో తప్ప చూడలేదు కదూ?" అంది పెద్దక్క.

"సీసాలో ఆకుకి వేళ్లుండవు కదక్కా" అన్నారాయన, ఏమాత్రం తగ్గకుండా. గోంగూర పప్పు ఉడికేదాకా కదల్లేదు. రెండుసార్లు వడ్డించుకుని, అందులో ఇనుము ఎంతుంటుందో మాకు బోధించి మరీ వెళ్లారు.

మర్నాడు బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఆయన పెద్ద పోస్టు పెట్టారు, గోంగూరకీ గంజాయికీ తేడా కనిపెట్టడం ఎలాగో. మా పేర్లు, మా బాత్రూం ఊసు ఎక్కడా లేవు. అందరూ ఆహా అన్నారు. నేనూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పెద్దక్క అది చూసి, "నువ్వు బాగుపడవే" అంది. అప్పటి నేనైన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఏం చేస్తుంది మరి, పోస్టు నిజంగానే బాగా రాశారు.