పొట్టకొచ్చిన మూడు వరసలు

2024 జనవరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దగ్గర ఒక్కో పల్లెలో చిన్న మడి తీసుకుని, పన్నెండు రకాల వరి వరసకొకటిగా, నంబర్లు పెట్టి నాటించాను. వరి జన్యువుల మీద పరిశోధన నా ఉద్యోగం. పుట్టి పెరిగింది తెనాలి వైపు. వరి గురించి ఈ మిట్ట ఊళ్ళ వాళ్ళు నాకు కొత్తగా చెప్పేదేముంటుందని లోలోపల కాస్త గర్వం ఉండేది. అది ఎలా దిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నీళ్ళు కరువైతే ఏ రకం తట్టుకుంటుందో తేల్చడం మా పని. ప్రతి మడిలోనూ సగానికి మామూలుగా నీళ్ళు పెడతాం. మిగతా సగానికి, నాటిన రోజు నుంచి లెక్కపెట్టి, ఒక తేదీన ఆపేస్తాం. పది రోజులు ఎండబెట్టాక ఆకులు కోసి లిక్విడ్ నైట్రోజన్‌లో వేస్తాం. అది ముట్టుకోలేనంత చల్లని ద్రవం. అందులో పడ్డ ఆకు ఆ క్షణాన ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. ల్యాబ్‌కు తెచ్చి ఆ ఆకులోంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తాం. మొక్కలో వేల జన్యువులున్నా అన్నీ ఒకేసారి పనిచేయవు, అప్పుడు ఏవి పనిలో ఉన్నాయో ఆర్‌ఎన్‌ఏను బట్టి తెలుస్తుంది. దాహం వేస్తే పనిలోకి దిగేవాటిలో డీహైడ్రిన్ జన్యువు ఒకటి. కణాలు ఎండి పాడవకుండా కాపాడే ప్రోటీను దానివల్లే తయారవుతుంది. అది ఎంత జోరుగా పనిచేస్తోందో కొలిచే యంత్రం పేరు క్యూపీసీఆర్.

పుంగనూరు దగ్గరి మడి మునెమ్మది. యాభై దాటిన మనిషి, గొంతు పక్క చేనుకు కూడా వినిపిస్తుంది. బోరులో నీళ్ళు తగ్గాక వరి మానేసి టమాటా వేసుకుంటోంది. మడి ఇవ్వడానికి ఒక్కటే షరతు పెట్టింది.

"తక్కువ నీళ్ళతో పండే వడ్లు తేలితే నాకు ఇత్తనాలు ఇయ్యాల. కోటా బియ్యం తిని తిని నోరు సచ్చిపోయింది. మా మడి బియ్యం ఒండుకోని యెన్నేండ్లాయనో."

సరేనన్నాను. నాకూ ఆ పంట కావాలి మరి. నా పేరుతో మొదలుపెట్టిన మొదటి ప్రయోగం అది.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. మదనపల్లె బాగుంది, కుప్పం బాగుంది. పుంగనూరు చూసి నా ముఖం మాడిపోయింది. ఎండబెట్టిన సగంలో తొమ్మిది రకాల్లో డీహైడ్రిన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నాలుగు, ఏడు, పదకొండు నంబర్లలో మాత్రం చడీచప్పుడూ లేదు. కడుపునిండా నీళ్ళు తాగిన మొక్కల్లా ఉన్నాయి. అవే రకాలు మిగతా రెండు ఊళ్ళలో దాహంతో అల్లాడుతున్నాయి.

నా కోపం సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు. నేరుగా టెక్నీషియన్ ఫయాజ్ మీద పడ్డాను. మదనపల్లె అబ్బాయి, యంత్రం దగ్గర చెయ్యి తిరిగినవాడు.

"లేబుళ్ళు తారుమారు చేశావు కదూ?"

"లేదు మేడం. కసమ్. మూడు తూర్లు సేసినా, అదే వస్తాండాది. అవి నీళ్ళు తాగినాయి. నేనైతే తాపలేదు!"

మా పై అధికారి ఫలితాలు చూసి ఒక్క ముక్కలో తేల్చేశారు. పుంగనూరు సంగతేమిటో చెప్పలేకపోతే ప్రయోగం మొత్తం రద్దు. మర్నాడే ఫయాజ్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాను.

మునెమ్మ గట్టు మీద కలుపు పీకుతోంది.

"మునెమ్మగారూ, ఈ సగానికి ఎవరైనా నీళ్ళు పెట్టారా?"

"గారు గీరు యాలమ్మా. నేనే పోసినా."

"పొయ్యొద్దని కాగితం రాసిచ్చాను కదా!"

"బోరు ఆన్ చెయ్యొద్దని రాసిస్తివి. చెయ్యలేదే. సాయంత్రం పూట బిందెతో పోసినా."

ఫయాజ్ గట్టిగా ఊపిరి వదిలి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. సాయంత్రం పోస్తే మర్నాడు మధ్యాహ్నానికి పైమట్టి ఆరిపోతుంది, నేను ఆకులు కోసింది ఎప్పుడూ మధ్యాహ్నమే.

"మరి ఈ మూడింటికే ఎందుకు పోశారు? అన్నింటికీ పొయ్యొచ్చుగా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అవి పొట్టకొచ్చినాయి గదమ్మా. తక్కినవి ఇంకా పిల్లకాయలు, ఓర్సుకుంటాయి. కడుపుతో ఉండేదాన్ని దప్పికతో సంపేదానికి నాకు మనసు రాలేదు. మా అత్త ఉన్నప్పుడు పైరు పొట్టకొచ్చిన దినం గట్టు మీద పసుపు కుంకం పెట్టి, బెల్లంగడ్డ పెట్టేది. ఇప్పుడూ పెట్టినా, సూడు."

గట్టు మీద మూడు చోట్ల పసుపు. ఆకుల కోసం ఇన్నిసార్లు వచ్చి, నేను దాన్ని చూడనేలేదు.

వెన్ను బయటికి రాకముందు కాండంలోనే పెరిగి, కాండం ఉబ్బే దశను పొట్ట దశ అంటాం. వరికి నీళ్ళు అన్నిటికంటే అవసరమైన రోజులవి. అప్పుడు ఎండితే గింజల్లో పాలు పట్టక, ఉత్త పొట్టుగా తాలు పోతాయి. ఇది నేను విద్యార్థులకు పాఠం చెప్పే విషయమే! మునెమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడో నంబరు కాండం నొక్కించింది. వేళ్ళ కింద ఉబ్బు తెలిసింది. పక్కనున్న ఎనిమిదో నంబరు సన్నగా, చదునుగా ఉంది. ఒక్కో కాండం చీల్చి చూశాను. ఏడులో లేత వెన్ను. ఎనిమిదిలో ఇంకా ఏమీ లేదు.

అక్కడే గట్టు మీద కూర్చుని లెక్క చూసుకున్నాను. విత్తనం సంచుల మీద రాసిన రోజుల లెక్క ప్రకారం పన్నెండూ ఒకేసారి పొట్టకు రావాలి. కానీ అది కిందనున్న వేడి ఊళ్ళ లెక్క. ఈ ఎత్తు నేలల చలికి తొమ్మిది రకాలు వెనకబడ్డాయి, ఈ మూడూ చలిని లెక్కచేయకుండా ముందుకెళ్ళాయి. నేను తేదీ చూసి అన్నిటికీ ఒకేరోజు నీళ్ళు ఆపాను. అంటే మదనపల్లెలోనూ కుప్పంలోనూ ఈ మూడూ సరిగ్గా పొట్ట మీద ఎండిపోయాయి. మిగతావాటికి అంత కష్టకాలం రానేలేదు. అయినా ఆ రెండు ఊళ్ళ పుస్తకాల్లో ఈ మూడింటి ఎదురుగా, అన్నిటికంటే ఎక్కువ వాడిపోయాయని, 'పనికిరావు' అని అప్పటికే రాసేశాను.

"తప్పు సేసినానామ్మా?" అంది మునెమ్మ, మొదటిసారి గొంతు తగ్గించి.

"మీరు కాదు, నేను చేశాను," అన్నాను. ఫయాజ్‌కు కూడా అక్కడే క్షమాపణ చెప్పాను. "టీ తాపించండి మేడం, సాలు," అన్నాడు. తాపించాను, బజ్జీలతో సహా.

జరిగింది జరిగినట్టు రాసిస్తే పై అధికారి ఒప్పుకున్నారు. మరుసటి జనవరిలో మళ్ళీ నాటాం. ఈసారి ఒక్కో రకం చుట్టూ ఒక్కో చిన్న గట్టు. తేదీల జోలికి పోలేదు. ఏ రకం పొట్టకొస్తే ఆ రకానికి అప్పుడే నీళ్ళు ఆపాలి. పుంగనూరులో పొట్ట పట్టి చూసే పని మునెమ్మదే. అయితే కావాలని పొట్ట మీదే ఎండబెడతామంటే ఆమె ఒప్పుకోలేదు. ఎంతో బతిమాలాను. చివరికి వేలు చూపించి అంది:

"పది దినాలు ఎండగట్టేది నువ్వు. పదకొండో దినం నీళ్ళు పోసేది నేను. నడాన ఈ పక్కకు రాను, సూడలేను."

అన్న మాట ప్రకారం, ఏ రకం ఎండుతున్నా ఆ పది రోజులూ ఆ వరస పక్కకు రాకుండా చుట్టు తిరిగి టమాటా చేనుకు పోయేది. పదకొండో రోజు తెల్లారేసరికే బిందెలతో సిద్ధంగా ఉండేది.

కోతకు ముందే ఫయాజ్ ల్యాబ్ నుంచి ఫోన్ చేసి అరిచాడు: "మేడం, ఏడు లేసింది! డీహైడ్రిన్ జోరుగా ఉండాది!" జన్యువు పనిచేసినంత మాత్రాన గింజ నిండుతుందన్న నమ్మకం లేదు, అందుకే కోసేదాకా నోరు కట్టుకున్నాను. కోతకు దిగి చూస్తే మూడు ఊళ్ళలోనూ ఏడో నంబరు వెన్ను బరువుగా వంగి ఉంది. గట్టు మీద ఎగిరి గంతేశాను, ఈ వయసులో.

ఇప్పుడు ఏ మడిలోకి దిగినా ముందు కాండం పట్టి చూస్తాను, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తాను. ఒక మొక్క ఓడిపోయిందని రాసేముందు, అన్నిటికీ ఒకే కష్టం పెట్టానా అని నన్ను నేను అడుగుతాను.

విత్తనాలకు తీసిపెట్టగా మిగిలిన కాసిని వడ్లు దంచి మునెమ్మ అన్నం వండింది. మొదటి ముద్ద ఉప్పు కూడా వేసుకోకుండా తిని కళ్ళు మూసుకుంది. ఆ ముఖం చూశాక మిగతాది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను.

"నాలుగు, పదకొండు నిలవలేదు మునెమ్మా. అంతా తాలే."

ఆమె మడి వైపు ఒకసారి చూసి గరిటె అందుకుంది.

"పోనీలేమ్మా," అంది, నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేస్తూ. "ఈ తూరి న్యాయంగా పోయినాయి."