నూటఅరవైకి చుట్టిన కాయిల్

మా వీధిలో అందరూ అతన్ని కాయిలాయన అనేవాళ్ళు. హీటర్లకు, ఇస్త్రీపెట్టెలకు కాయిళ్ళు చుట్టడం అతని పని. దుకాణంలో ఒక బల్ల, తీగ చుట్టే ఇనప చువ్వ, రెండు మీటర్లు ఉండేవి. ఒకటి వోల్టేజికి, ఒకటి ఆంపియర్లకు. మాటలతో పని జరగదని నమ్మిన మనిషి. ఎవరైనా బేరానికి దిగితే మీటరు చూపించి ఊరుకునేవాడు.

మా వీధి లైనుకు చిట్టచివర. కరెంటు మా దాకా వచ్చేసరికి అలిసిపోయి వచ్చేది. రెండువందల ముప్పై ఉండాల్సిన వోల్టేజి చలికాలంలో నూటఅరవై దాటేది కాదు. వోల్టేజి మూడోవంతు తగ్గితే వేడి కూడా మూడోవంతే తగ్గుతుందనుకుంటారు జనం. అలా కాదు. దాంతోపాటు ఆంపియర్లూ పడిపోతాయి. రెండూ గుణిస్తే వచ్చేవే వాట్లు గనక వేడి సగమైపోతుంది. బజార్లో కొన్న హీటర్లు మా ఇళ్ళలో పేరుకే ఎర్రగా ఉండేవి.

కాయిలాయన వాటిని విప్పి మా వోల్టేజికి తగ్గట్టు మళ్ళీ చుట్టేవాడు. ఎనిమిది వందల వాట్లు కావాలంటే నూటఅరవై దగ్గర ఐదు ఆంపియర్లు పారాలి. నూటఅరవైని ఐదుతో భాగిస్తే ముప్పైరెండు ఓములు. అంత తీగే కత్తిరించేవాడు. చుట్టాక కరెంటు ఇచ్చి, తీగ బాగా ఎర్రబడ్డాక మీటర్లు చూసి మళ్ళీ భాగించేవాడు. తీగ వేడెక్కితే ఓములు మారతాయి గనక చల్లటి తీగ మాట నమ్మేవాడు కాదు.

అలాంటి హీటరే ఒకటి మా వీధిలోనే ఉండే చెల్లెలికి చేసిచ్చాడు. ఆమె కుట్టుపని చేసేది. భర్త గోడలకు రంగులేసేవాడు, నిచ్చెన మీంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. గిచ్చినా, గుచ్చినా తెలియదు. నోరు మాత్రం తగ్గలేదు.

"నా కాళ్ళు అలిగి అత్తారింటికెళ్ళాయి బావా. ఎవరు పిలిచినా రావట్లేదు," అనేవాడు కాయిలాయనతో.

"అత్తారిల్లంటే మా ఇల్లే కదా. మా ఇంటికైతే రాలేదు," అనేవాడు కాయిలాయన.

ప్లగ్గు మంచం చివర ఉండటంతో హీటరు కాళ్ళవైపే పెట్టారు. చెల్లెలు రోజూ పాదాలు పట్టుకుని చూసేది. మంచులా ఉంటే కాస్త దగ్గరికి జరిపేది.

ఆ చలికాలంలో వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. స్తంభాలు పాతుతుంటే కాయిలాయన దగ్గరుండి చూశాడు, లైన్‌మన్‌కు టీ తాగించాడు. ఇకనుంచి కాయిల్‌కు తీగ ఎక్కువ పడుతుందని కూడా అనుకున్నాడు. చుట్టి ఇచ్చేసినవాటి సంగతి మాత్రం తట్టలేదు. చేతిలో ఉన్న పనే చూసే మనిషికి చెయ్యిదాటిన పని కనబడదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో బల్బు ఉన్నట్టుండి తెల్లగా వెలిగింది. వీధిలో ఎవరో ఈల వేశారు. మీటరు పెట్టి చూస్తే రెండువందల ముప్పై. బల్ల మీద సగం చుట్టిన కాయిల్ ఉంది, ముప్పైరెండు ఓములది. అలవాటుకొద్దీ భాగించాడు. ఏడు ఆంపియర్లు దాటాయి. గుణించాడు. పదహారువందల వాట్లు పైమాటే. ఎనిమిది వందలకని చుట్టినది రెట్టింపు కాలుతుంది. దుకాణం తెరిచే ఉంచి పరిగెత్తాడు.

చెల్లెలి ఇంటికి బయట తాళం ఉంది. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. కిటికీ దగ్గరికెళ్తే లోపల్నుంచి దుప్పటి మాడుతున్న వాసన వచ్చింది.

"బావా! హీటరు నీకు అందుతుందా?"

"నువ్వా బావా?" అప్పుడే నిద్రలేచిన గొంతు. "ఇవాళ గది భలే వెచ్చగా ఉందిలే. ఇన్నాళ్ళకు నీ కాయిల్ పనిచేసింది. ఏదో మాడుతోంది, పక్కింటావిడ కూరనుకుంటా."

కాయిలాయన వరండాలోకి వెళ్ళి మీటరు బోర్డులో ఫ్యూజు పీకేశాడు. తర్వాత రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు.

దుప్పటి అంచు నల్లబడి ఉంది. కుడిపాదం ఆ అంచులోంచి హీటరువైపు బయటికొచ్చి ఉంది. తోలు ఊడి వేలాడుతోంది. బావ తల ఎత్తి చూడబోయాడు. కాయిలాయన అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"కొంచెం కాలింది. నువ్వు పడుకో."

చెల్లెలు వచ్చేసరికి తడిగుడ్డ చుట్టి ఉంది. ఆమె గుడ్డ విప్పి చూసి, మళ్ళీ కప్పింది.

"లెక్క తప్పిందా అన్నయ్యా?"

"లెక్క తప్పలేదమ్మా. వోల్టేజి పెరిగింది."

"తప్పకుండానే ఇంత కాలిందా?"

 బావను ఆసుపత్రిలో చేర్చాక, ఆ సాయంత్రమే కాయిలాయన ఇంటింటికీ వెళ్ళి తను చుట్టిన కాయిళ్ళన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. కొందరు ఇవ్వం పొమ్మన్నారు. "ఇన్నాళ్ళకు గదిలో చలి తగ్గింది, ఇప్పుడు పీక్కుపోతావేంటయ్యా?" అని విసుక్కున్నారు. వాళ్ళ గడపల్లో కూర్చుని అడిగి అడిగి తీసుకున్నాడు.

రక్తం సరిగా పారని కాలికి గాయం మానదు. పుండు పైకి పాకింది. చివరికి ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

"అద్దె కట్టనివాడు ఖాళీ చేసి పోయాడు బావా. దానికి ఏడుపెందుకు?" అన్నాడు బావ. చెల్లెలు గదిలోంచి లేచి వెళ్ళిపోయింది.

చలి ఇంకా తగ్గలేదు. ఆమె బజార్లో కొత్త హీటరు కొనుక్కుంది. దాన్ని ఎంత దూరంలో పెట్టాలో అన్నను అడగలేదు. అది వెలుగుతున్నంతసేపూ కుట్టుమిషను మంచం పక్కనే వేసుకుని కూర్చుంటుంది, గడప దాటదు. అందుకని మధ్యాహ్నాలు దుకాణం మూసేసి, కుట్టిన బట్టల మూట కాయిలాయనే ఇళ్ళకు చేరుస్తున్నాడు. దారిలో ఎవరో ఇస్త్రీపెట్టె సంగతి అడిగారు.

"ఇవి ఇచ్చి రావాలి. అక్కడ హీటరు దగ్గర చెల్లెలు ఒక్కతే ఉంది," అన్నాడు.