బోణీ కాకముందు నొక్కిన బటన్

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నా పరువు పోయిన కథ చెబుతాను. కొంచెం పోవడం కాదు, వానకు నానిన పుస్తకం అట్ట ఊడినట్టు ఒక్కసారిగా, మొత్తంగా పోయింది. మామూలు మనిషి పరువు పోతే జనం నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోతారు. నాది అలా కాదు. ఎవరెంత మొత్తుకున్నా చెరపలేని చోట రాసిపెట్టి మరీ పోయింది. రాయించింది ఎవరో పగవాడు కూడా కాదు, నా కుడిచేతి చూపుడువేలు. ఇప్పటికీ అన్నం తినేటప్పుడు దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

నా పేరు యాదగిరి. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి అమ్ముతాను. మిగతా రోజులు నాంపల్లిలో మా ఇంట్లో ఆ పుస్తకాల మధ్య ఎక్కడ చోటుంటే అక్కడ పడుకుంటాను. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. చదువు రానివాడు పుస్తకాలెలా అమ్మాడని మొహాలు చూసుకోకండి. చేపలమ్మేవాళ్ళందరికీ ఈత వచ్చా?

నా లెక్క నాకుండేది. ఎర్రట్ట వేసుకుని ఇటుకంత మందంగా ఉంటే అది నాంపల్లి కోర్టు వకీళ్ళది. పల్చగా, నూనె మరకలతో ఉంటే వంటలది. మూలలు ఎవరో నమిలినట్టుంటే పరీక్షల పిల్లలది. అట్ట మీద ఆడమనిషి ఏడుస్తుంటే నవల. అట్ట మీద ఎవరూ ఏడవకపోతే కవిత్వం, అది కొన్నవాళ్ళే ఏడ్చేవారు. తర్వాత మా బస్తీలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెడితే వెళ్ళి చదవడం నేర్చుకున్నాను. అప్పుడు తెలిసింది, ఏళ్ళ తరబడి నేను జ్యోతిషమని అమ్మినవి పశువైద్యం పుస్తకాలని. ఒక్కరంటే ఒక్కరు తిరిగి తెచ్చివ్వలేదు. వాళ్ళకు మంచి రోజులే వచ్చి ఉంటాయి.

మా ఫుట్‌పాత్‌కు ఒక పట్టింపు ఉంది. పొద్దున మొదటి అమ్మకం, అంటే బోణీ, అయ్యేదాకా నోట 'లేదు', 'కాదు' అన్న మాట రాకూడదు. వచ్చిందా, ఆ రోజుకు బేరం అంతే సంగతులు. అడిగిన పుస్తకం మన దగ్గర లేకపోయినా, అసలు ఆ పుస్తకాన్ని ఇంకా ఎవరూ రాయకపోయినా, "ఉంది సార్, వచ్చే ఆదివారం రండి" అనాలి. ఈ ఒక్క ముక్క మీదే మేమందరం ముసలివాళ్ళమయ్యాం.

ఇక శేషగిరిరావు. నా పక్కనే కూర్చుంటాడు. వాళ్ళ నాన్న పందొమ్మిది వందల యాభై ఆరులో గుంటూరు వైపు నుంచి నౌకరీ మీద ఈ ఊరికి వచ్చాడు. మేమిద్దరం ఒకే చాయ్‌ను రెండు కప్పుల్లో పోసుకు తాగుతాం. ఒకే గొడవను ఇద్దరం పడతాం. ఈ ఫుట్‌పాత్ మీద మొట్టమొదట పుస్తకాల దుకాణం పెట్టిందెవరు? ఇదీ గొడవ. నేనే. ఆ పొద్దున గోనెపట్టా పరిచి, చాయ్ తాగి వచ్చేసరికి పక్కన ఈయన పుస్తకాలు పేర్చుకుని కూర్చున్నాడు. "పట్టా పరిస్తే దుకాణమెలా అవుతుందయ్యా? ముందు పుస్తకం పెట్టింది నేను" అంటాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే పట్టా, అదే పుస్తకం.

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున ఒక పిల్ల వచ్చింది. పేరు మౌనిక, జనగామ వైపు.

"నమస్తే తాతా. యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న. జర మాట్లాడొచ్చా?"

బోణీ కాలేదు. ఇంకేమంటాను? "మాట్లాడు బిడ్డా" అన్నాను.

"ఇంటర్నెట్‌ల ఉన్న సమాచారమంతా, వానొస్తే మీరు గబగబ మూట కట్టిన పుస్తకాల లెక్కుంది తాతా. అన్నీ ఉన్నయి గని ఏది దేంతోని కలుస్తదో మిషన్‌కు ఎర్క లేదు. దాన్నంతా ఒక తీరుగ పేర్చుడు నా పని. ఏ ముచ్చట ఎవరు చెప్పిన్రు, దానికి సాక్ష్యమెవరు, గది గూడ పక్కనే కట్టుడు."

"పేర్చినంక ఎవడన్న అబద్ధం దూరిస్తే?"

"గందుకే బ్లాక్‌చెయిన్."

నేను మొహం పెట్టిన తీరు చూసి ఆ పిల్ల నా పుస్తకాల కట్టనే ముందుకు లాగింది. "ఒక పుస్తకం కుట్టిన దారంతోనే పక్క పుస్తకం కుట్టిన్రనుకో. దాంతోని ఇంకోటి. నడుమ ఒక్క కాయితం గుంజితే కుట్టంతా ఊడుతది, గుంజినోళ్ళు అందరికీ దొరికిపోతరు. పైకెల్లి గసొంటి కట్టనే శానామంది దగ్గర ఉంటది. ఒకళ్ళు మార్చినా మిగిలినోళ్ళ కట్టలు పట్టిస్తయి."

"అంటే ఒక్కసారి ఎక్కిందంటే..."

"మళ్ళ ఎవ్వరూ చెరపలేరు తాతా."

ఆ తర్వాత ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు వినపడలేదు. శేషగిరి వైపు చూశాను. కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పాపం, అనుకున్నాను. ఇతని కథ ముగిసింది.

మౌనిక మా ఫుట్‌పాత్ కథనే పరీక్షకు పెట్టుకుంది. పాతకాపులం ముగ్గురం దొరికాం. నేను, శేషగిరి, మా ఎదురుగా పూలమ్మే బాలమణి. మా ఫోన్లలో ఏదో ఎక్కించింది. పద్ధతి చిన్నదే. ఒకరు ఒక సంగతి చెప్పాలి. మిగతా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. 'అవును', 'కాదు' అని రెండు బటన్లుంటాయి. ఇద్దరూ అవునంటే ఆ సంగతి చెయిన్‌లో కుట్టుకుపోతుంది. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నమే, ఫోన్ మీద అక్షరం అక్షరం తడుముకుంటూ నా సంగతి నేను రాశాను: 'ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొట్టమొదటి పుస్తకాల దుకాణం యాదగిరిది.' బాలమణి వెంటనే అవునంది. శేషగిరి కదలడు.

"ఏందన్నా, నొక్కవా?"

"చూద్దాంలేవయ్యా. కళ్ళజోడు మసకగా ఉంది."

"పొద్దటిసంది తుడుస్తనే ఉన్నవ్ గద!"

మౌనిక మధ్యలోకొచ్చింది. "తాతా, ముందుగాల దుకాణమంటే ఏందో తేల్చాలె. పట్టా పరిస్తే దుకాణమా, పుస్తకం పెడితే దుకాణమా? గిది తేలకపోతే మిషన్ ఎట్ల పేరుస్తది?"

"పట్టా!" అన్నాను.

"పుస్తకం!" అన్నాడు శేషగిరి.

"బేరం," అంది బాలమణి. "ఎవడన్న కొంటేనే దుకాణం. లేకుంటే చెత్తకుప్ప."

మౌనిక తల పట్టుకుంది. తన చదువులో కష్టమంతా ఇక్కడే ఉందంది. నా సంగతి అలాగే వేలాడింది.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా వినండి. పరువు ఈ మలుపులోనే జారింది.

తర్వాతి ఆదివారాల్లో సంగతులు పొద్దున్నే మోగడం మొదలైంది. నేను పట్టా పరుస్తుంటాను, ఫోన్ టింగుమంటుంది. బోణీ కాలేదు. నోటితో కాదన్నా వేలితో కాదన్నా కాదన్నట్టే కదా! 'అవును' నొక్కేవాణ్ణి. మొదట్లో చదివి నొక్కాను. నా చదువు మీకు తెలుసు, చాదర్‌ఘాట్ వంతెన మీద సాయంత్రం రద్దీలో బస్సు నడిచినట్టు నడుస్తుంది. రానురాను చదవడం మానేశాను. జవాబు ఎలాగూ అవునే అయినప్పుడు ప్రశ్న చదివి కళ్ళెందుకు పాడుచేసుకోవాలి? అప్పటి యాదగిరి బుర్రకు ఇది మహా తెలివిగా తోచింది. బాలమణి నన్ను చూసి నొక్కేది. ఆ రకంగా 'ఆబిడ్స్‌లో వాన ఆదివారమే పడుతుంది' అని బాలమణి కసికొద్దీ రాసిన మాటకు కూడా నేను సాక్షిని.

ఒకసారి మౌనికను అడిగాను. "బిడ్డా, వచ్చే ఆదివారం రమ్మనే బటన్ ఒకటి పెట్టరాదు?"

"గదెందుకు తాతా? నిజమైతే అవును, కాకుంటే కాదు. గంతే."

ఎంత చదివినా ఫుట్‌పాత్ మీద కూర్చోకపోతే ఇంతే మరి, అనుకుని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

కొన్నాళ్ళకు మౌనిక తన పనిని పెద్దల ముందు చూపించే రోజొచ్చింది. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక హాలు. మా ముగ్గుర్నీ పిలిచింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా బస్తీవాళ్ళను ఒక ఆటోకు పట్టినంతమందిని తీసుకెళ్ళాను. ఎందుకంటే దానికి ముందు వారమే మౌనిక ఫోన్ చేసి, "తాతా, మొట్టమొదటి దుకాణం ముచ్చట చెయిన్ల ఎక్కింది" అంది. ఎవరిదని అడగాలని నాకు తోచలేదు. శేషగిరి ఓడిపోయి నొక్కాడనుకున్నాను. జాలిపడి ఆ ఆదివారం చాయ్ నేనే పోయించాను. అతను తాగాడండీ! నా మొహంలోకి చూస్తూ, ఊదుకుంటూ తాగాడు!

హాల్లో పెద్ద తెర. ప్రొఫెసర్లు వరసగా కూర్చున్నారు. మౌనిక చక్కగా చెప్పింది. చివర, "మా ఫుట్‌పాత్ పెద్దమనిషినే మిషన్‌ను ఒక ప్రశ్న అడగమంటున్న" అని మైకు నా చేతికిచ్చింది.

గొంతు సవరించుకున్నాను. మావాళ్ళ వైపు ఒకసారి చూశాను. "ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొట్టమొదటి పుస్తకాల దుకాణం ఎవరిది?" అని అడిగి, చప్పట్లకు వీలుగా రెండు చేతులూ ముందే జోడించాను.

తెర మీద అరచేతంత అక్షరాలు పడ్డాయి. నేను కూడబలుక్కుని చదివేలోపు హాలంతా చదివేసింది.

'శేషగిరిరావు గారిది. సాక్షులు: యాదగిరి, బాలమణి.'

"గిది అబద్ధం!" అని మైకులోనే అరిచాను.

ముందు వరసలో కూర్చున్న పెద్ద ప్రొఫెసర్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "సాక్షి మీరే కదండీ?"

"ఔ సార్."

"అబద్ధమైతే అవునని ఎందుకు నొక్కారు?"

"బోణీ కాలేదు సార్."

బాలమణి లేచి నాకు సాయం చేయబోయింది. "నిజమే సార్. ఆయన నొక్కిండని నేను నొక్కిన. ఆయనకు అక్షరాలొచ్చు గద అని." ఆ తర్వాత పుట్టిన నవ్వు హాలు దాటి నాంపల్లి స్టేషన్ దాకా వినపడి ఉంటుంది. మా బస్తీవాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆటో కిరాయి నాదని కూడా చూడలేదు.

నేను శేషగిరి మీద పడ్డాను. "ఎప్పుడు పెట్టినవే నువ్వు?"

"పొద్దున ఆరింటికయ్యా. నువ్వు పట్టా పరుస్తుంటే చూసి పెట్టాను. బోణీ కాకముందు నువ్వు కాదనలేవని నాకు తెలీదూ? నేనూ అదే ఫుట్‌పాత్‌వాణ్ణి కదా!"

"మౌనికా, చెరిపెయ్ బిడ్డా!"

"చెరపరాదు తాతా," అంది ఆ పిల్ల. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. "కింద ఇంకో మాట చేర్చొచ్చు. గని దానికి మళ్ళ ఇద్దరు సాక్షులు కావాలె."

పెద్ద ప్రొఫెసర్ మాత్రం నవ్వడం ఆపి అడిగాడు. "అమ్మా, లోపలికెళ్ళిన మాటను చెరపకుండా బాగానే కాపాడుతున్నావు. చెరపాల్సిన మాట లోపలికే వెళ్ళకుండా ఏం చేస్తున్నావు?" మౌనిక ఆ ప్రశ్నను పుస్తకంలో రాసుకుంది. పట్టుదల గల పిల్ల. మళ్ళీ ఫుట్‌పాత్‌కొచ్చింది, మా పక్కన కూర్చుంది, పొద్దున ఎవరం ఎలా మాట్లాడతామో విని రాసుకుంది. మూడో బటన్ ఒకటి చేర్చింది: 'మళ్ళీ అడగండి.' అడిగినవాళ్ళ మీద మొహమాటంతో, అలవాటుతో అవుననేవాళ్ళ గురించి ఒక అధ్యాయమే రాసిందట. అందులో నా పేరు లేదు. 'ఒక సాక్షి' అని ఉంది. ఆ పిల్ల మంచిది.

నాకు కూడా బుద్ధి వెలిగింది. శేషగిరి ఎత్తుతోనే శేషగిరిని పడగొట్టాలి. ఒక ఆదివారం పొద్దున్నే, అతను మొదటి కట్ట విప్పుతుండగా, నా పాత సంగతిని మళ్ళీ పంపాను. బాలమణి అవునంది. శేషగిరి ఫోన్ టింగుమంది.

"ఇప్పుడు చెప్పన్నా," అని ముందుకెళ్ళి నిలబడ్డాను. "మొదటి దుకాణం నాదేనా? బోణీ గూడ కాలే నీకు. కాదను చూస్త!"

శేషగిరి నిదానంగా కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోన్ చూశాడు, నన్ను చూశాడు. నేను అడిగి, పరువిచ్చి తెప్పించిన ఆ మూడో బటన్ మీద సుతారంగా వేలు పెట్టాడు.

"నీదేనయ్యా యాదగిరీ, ఎవరు కాదన్నారు? వచ్చే ఆదివారం రా."

అప్పటినుంచి ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. ఆదివారం ఆదివారం అదే మాట.

ఓపిక నశించి మొన్న నడి ఫుట్‌పాత్ మీద నిలబడి, మౌనిక కూడా ఉండగా, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. "ఈ పట్టా సాక్షిగా, ఈ పుస్తకాల సాక్షిగా చెప్తున్న! ఇగ బోణీ కాకముందు ఏ బటన్ నొక్కను. చివరి అక్షరం దాకా చదవకుండ దేనికీ ఔ అనను. మళ్ళ గిసొంటి గాడిద పని చేస్తే నన్ను యాదగిరి అనకున్రి!"

"ఎక్కియ్యాల్నా తాతా?" అంది మౌనిక, ఫోన్ తీసి.

నాకు బోణీ కాలేదు. "ఎక్కియ్యి బిడ్డా" అన్నాను.

నా మాట పూర్తవకముందే సాక్షులిద్దరి ఫోన్లూ టింగుమన్నాయి. నా గురించిన ఏ మాటకూ ఇన్నాళ్ళూ సాక్ష్యం చెప్పని శేషగిరిరావు, కళ్ళజోడైనా పెట్టుకోకుండా, 'అవును' నొక్కేశాడు.