పాస్టరమ్మగారి డోలు

మా పాస్టరమ్మ సలాఫాయి గారిని సైకిలు ఎక్కించాలన్న ఆలోచన ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. మూతపడ్డ జిమ్ము ఒకటి తన పాత సైకిళ్ళను న్యూజిలాండ్‌లో మేముండే మాంగెరెలోని మా చర్చి హాలుకి ఇచ్చేసింది. వాటికి తిరిగే చక్రం ఉంటుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పదిహేనేళ్ళు సిటీ బస్సు నడిపినవాణ్ణి. ఎంత తొక్కినా తర్వాతి స్టాపు రాని బండిని చూసి నాకు నవ్వాగలేదు. అప్పట్లో నవ్వడానికి నాకు వేరే కారణాలు కూడా లేవు. రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటున్న రోజులవి.

మా అక్క లుపేసినా, అందరికీ లూపే, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకు భోజనాలు తయారుచేసే వంటశాలలో పని. మా ఇంటిల్లిపాదికీ షుగరే. అమ్మ దానితోనే పోయింది, అన్న దానివల్లే కాలు పోగొట్టుకున్నాడు. ఎందుకో అక్కని మాత్రం అది వదిలేసింది. పరీక్షలన్నీ చేసి, ఆమె కిడ్నీ నాకు సరిపోతుందన్నారు డాక్టర్లు. కానీ అంత లావు మనిషిని కోస్తే ఆమె ప్రాణానికే ముప్పు, ఇరవై కిలోలు తగ్గి రమ్మన్నారు.

నేను ససేమిరా అన్నాను. మా సమోవా వాళ్ళలో అన్నదమ్ములకు ఆడపడుచు కంటిపాప. తమ్ముడన్నవాడు అక్కకి వండిపెట్టాలి, ఆమె బరువులు మోయాలి, ఆమె మాటకి ఎదురు చెప్పకూడదు. అలాంటిది ఆమె ఒంట్లో ముక్క కోయించి నా ఒంట్లో పెట్టించుకోవడమేమిటి?

"వద్దక్కా" అన్నాను.

"నిన్నడిగానా? చెబుతున్నా" అంది. "అక్క మాటకి ఎదురు చెప్పకూడదు కదా. మరి నోర్మూసుకో."

మా మర్యాదతోనే నా నోరు కట్టేసింది.

సైకిలు క్లాసు నడిపే మకెరిటా మా చర్చి పెద్ద డీకన్‌గారి అమ్మాయి. ఊళ్ళో పెద్ద జిమ్ములో ఆమె ఉద్యోగం కూడా ఇదే. అక్క ఒకసారి ఆ జిమ్ముకి వెళ్ళి, వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చింది. "నాలుగు గోడలకీ అద్దాలేరా. ఎటు చూసినా నేనే. ఆ పుల్లల్లాంటి పిల్లల మధ్య నేను, కొట్లోకి దూరిన ఆవులా" అంది. మా హాల్లో అద్దాలు లేవు. వచ్చేవాళ్ళంతా అక్క కొలతల ఆడవాళ్ళే. సాయంత్రం పనుల్లోంచి వచ్చి, ముందు ప్రార్థన చేసుకుని, బిగుతు పంట్లాల మీద లుంగీలు చుట్టుకుని సైకిళ్ళెక్కేవారు. అక్కని కారులో దింపి, వెనక బెంచీ మీద కూర్చుని చూడడం నా పని. తమ్ముడిగా నేను చేయగలిగిన సేవ అదొక్కటే మిగిలింది.

ముందు వరసలో మధ్య సైకిలు పాస్టరమ్మగారిది. పక్కది అక్కది.

సలాఫాయి గారు డెబ్బై దాటిన మనిషి. సమోవాలోని సవాయీ దీవిలో సముద్రం అంచున చిన్న ఊళ్ళో పుట్టారు. వాళ్ళ నాన్న అక్కడి చర్చికి డోలు కొట్టేవాడు. దుంగను తొలిచి చేసిన డోలు, రెండు కర్రలు. ఆ చప్పుడు వింటే ఊరంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి సాయంత్రం ప్రార్థనకి ఇళ్ళలోకి చేరేది. ఆయనకి జ్వరం వచ్చినప్పుడు ఈవిడ కొట్టేవారట, ఊళ్ళో ఎవరికీ తేడా తెలిసేది కాదట. తర్వాత పాస్టరుగారిని పెళ్ళాడి న్యూజిలాండ్ వచ్చేశారు.

అప్పట్నుంచీ ఆవిణ్ణి ఎవరూ ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. పాస్టరు భార్య అంటే మాకంత గౌరవం. చీపురు పడితే నలుగురు లాక్కుంటారు. కప్పు కడగబోతే ఆరుగురు పరిగెత్తుకొస్తారు. కుర్చీ వేస్తారు, విసురుతారు, మొదటి పళ్ళెం ఆవిడకే పెడతారు. ఆవిడ ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా తిననివాళ్ళెవరా అని హాలంతా వెతుక్కునేవారు. బస్సు నడిపేవాడికి అద్దంలో మనుషుల్ని గమనించే అలవాటు ఉంటుంది. నేను గమనించింది ఏమిటంటే, ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నప్పుడు వేళ్ళు ఊరుకునేవి కావు. మోకాలి మీద ఏదో దరువు వేస్తూ ఉండేవి.

ఇక క్లాసు సంగతి. "కొండెక్కుతున్నాం, గట్టిగా, ఇంకా గట్టిగా" అని మకెరిటా గొంతు చించుకునేది. ఎవరి చూపూ ఆమె మీద లేదు. అందరి చూపూ పాస్టరమ్మగారి పాదాల మీదే. ఆవిడ కుడి మోకాలు బాగోదు. ఆదివారం చర్చికి నడిచినట్టు నిదానంగా తొక్కేవారు. హాలంతా అలాగే తొక్కేది. పెద్దవాళ్ళ ముందునుంచి పోవాల్సి వస్తే నడుం వంచి, మన్నించమని గొణుక్కుంటూ పోయే జనం మేము. పాస్టరమ్మగారిని దాటి ఎవరు పోతారు?

ఒకరోజు క్లాసయ్యాక మకెరిటాని పట్టుకున్నాను. "అవి కదలని సైకిళ్ళు కదమ్మా. దాటిపోవడం ఎక్కడుంది?"

"బండి కదలకపోతే ఏం మావయ్యా, కాళ్ళు కనపడతాయిగా" అంది. "అమ్మగారికన్నా ఎత్తులో కూచోలేక నేనే స్టేజీ దిగి కిందికొచ్చా. ఇంక నా మాట ఎవరు వింటారు?"

కారులో అక్కతో అన్నాను. "నువ్వన్నా కాస్త గట్టిగా తొక్కరాదూ."

"అమ్మగారి పక్కన కూచునా? లూపేకి ఒళ్ళు తగ్గించుకునే యావలో కళ్ళు కనపడ్డం లేదనుకోరూ జనం?"

"నేను పోతే ఏమనుకుంటారు మరి?"

"పాపం అనుకుంటారు. ముందు చూసి నడుపు."

ఆగస్టులో ఆసుపత్రిలో తూకం వేశారు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. డాక్టరమ్మ మంచిదే గానీ మాట మింగే మనిషి కాదు. క్రిస్మస్ లోపు అక్క తగ్గకపోతే ఈ కిడ్నీ సంగతి మరిచిపోవాలని చెప్పింది. అంతకన్నా ఆలస్యమైతే ఆపరేషనుకి నా గుండె తట్టుకోదట. ఇంటికి రాగానే అక్క వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆమె ఏడుపు నేను విన్నది అమ్మ పోయినప్పుడు, మళ్ళీ ఆ రోజే.

ఆ వారంలోనే నేను మిషను మీద ఉండగా పాస్టరమ్మగారు చూడ్డానికొచ్చారు. ఎప్పుడూ వచ్చేవారు, కొబ్బరి బన్నులు తెచ్చేవారు. అవి నేను తినకూడదు గనక, ప్రార్థన చేసి ఆవిడే తినేవారు.

"లూపే ఎంత తగ్గింది నాయనా?" అన్నారు బన్ను తుంచుతూ.

మిషను మీద ఉన్నంతసేపూ నాకు చలీ చిరాకూ రెండూ ఎక్కువే. నోరు జారింది. "మీరు తొక్కినంత తగ్గిందమ్మగారూ."

ఆవిడ బన్ను కింద పెట్టారు. "అంటే?"

ఇంక దాచి లాభం లేదు. ఉన్నదంతా చెప్పేశాను. పాస్టరమ్మగారితో అలా మాట్లాడినవాడు మా చర్చిలో పుట్టలేదు. చేతికి ఆ గొట్టాలు లేకపోతే లేచి పారిపోయేవాణ్ణే.

ఆవిడ చేతులకంటిన బన్ను పొడి దులుపుకున్నారు. "వాళ్ళకే చేతకావడం లేదనుకున్నా" అన్నారు. "పగలంతా నిలబడి పనిచేసి వచ్చేవాళ్ళు. నేను గబగబా తొక్కితే చిన్నబుచ్చుకుంటారని, వాళ్ళు తగ్గినప్పుడల్లా నేనూ ఇంకాస్త తగ్గిస్తూ వచ్చా."

ఆవిడ తగ్గారని వాళ్ళు, వాళ్ళు తగ్గారని ఆవిడ. ఇంకో నెల ఇలాగే సాగితే అందరూ ఆ సైకిళ్ళ మీదే కునుకు తీసేవారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. మిగిలిన బన్నులు నర్సుల చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాతి క్లాసులో ఆవిడ పళ్ళు బిగించి తొక్కారు. ఆవిడతోబాటు హాలంతా తొక్కింది. అక్క నుదుటి మీద మొదటిసారి చెమట చూశాను. పావుగంట కాకముందే ఆవిడ మోకాలు పట్టేసింది, ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది. తెల్లారేసరికి ఆ మోకాలు చేమదుంపలా వాచిపోయింది. ఆ తర్వాత క్లాసు రోజున హాల్లో సైకిళ్ళు తప్ప మనుషుల్లేరు. అమ్మగారు మంచాన పడితే మనం సైకిళ్ళు తొక్కుతామా అని, క్లాసు క్లాసంతా గిన్నెలు పట్టుకుని ఆవిడ ఇంటికి పలకరింపుకి పోయింది. పంది మాంసం, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు, చేమదుంపలు. పడుకున్నావిడ రెండు ముద్దలు తిన్నారు. మిగతాదంతా పలకరించడానికి వెళ్ళినవాళ్ళే పూర్తిచేశారు, మా అక్కతో సహా.

అయిపోయిందనుకున్నాను. నా నోటిదురుసు వల్ల ముసలావిడ మోకాలు పోయింది, అక్క బరువు పెరిగింది. నాకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

రెండు వారాల తర్వాత ఆవిడ కర్ర ఊతంతో హాల్లోకి వచ్చారు. సైకిలు వైపు చూడలేదు. పిల్లలు నాట్యం నేర్చుకునేటప్పుడు వాడే దుంగ డోలు ఒకటి మూలన పడి ఉంటుంది. దాన్ని ముందుకి తెప్పించి, దాని ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కర్రలు చేతిలోకి తీసుకోగానే, అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు.

"మీకెందుకమ్మగారూ శ్రమ, ఇటివ్వండి."

"ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతా" అన్నారు ఆవిడ.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆవిడ నోట అలాంటి మాట ఎవరూ వినలేదు.

"అమ్మాయ్ మకెరిటా, స్టేజీ ఎక్కి కూచో. ఎంత వేగం కావాలో నాకు చెప్పు. వాళ్ళతో నేను మాట్లాడతా" అన్నారు. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగారు. "మీరు నాకిచ్చే మర్యాద నాకు తెలుసు. ఇకనుంచీ నా కాళ్ళు చూడొద్దు, ఈ డోలు వినండి. ఇది కొడుతుంటే వెనకబడ్డవాళ్ళు, నేను పిలిచినా పలకనట్టే." గొంతు తగ్గించి అన్నారు. "పెళ్ళయి ఈ దేశం వచ్చినప్పట్నుంచీ నాకెవరూ ఒక్క పని చెప్పలేదు. ఈ ఒక్కటీ నాకొదిలేయండి."

డోలు మొదలైంది. ముందు మెల్లగా, ఊరి ప్రార్థనకి పిలిచినట్టు. మకెరిటా స్టేజీ మీంచి వేలు పైకెత్తింది. కర్రలు వేగం అందుకున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరమ్మగారు పిలుస్తుంటే పలక్కుండా ఎవరుంటారు? కాళ్ళు కదిలాయి. మకెరిటా మళ్ళీ వేలెత్తింది. లుంగీలు రెపరెపలాడాయి. మా అక్క తల వంచి, నోరు తెరిచి, పిడికిళ్ళు బిగించి తొక్కుతోంది. ఇన్నాళ్ళూ ఒళ్ళో ఖాళీగా ఉన్న ఆ ముసలి చేతులు హాలు మొత్తాన్ని కొండెక్కించాయి. నేను బెంచీ మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఆవిడ ఒక్క క్లాసు తప్పలేదు. వాన పడ్డా వచ్చారు, పాస్టరుగారు కోప్పడ్డా వచ్చారు. క్లాసయ్యాక పళ్ళాలు సర్దేవాళ్ళ మీద ఒక కన్నేసి, "ముందు నీళ్ళు తాగండి, తిండి ఇంటి దగ్గర" అని పంపేసేవారు. అక్క గౌన్లు వదులయ్యాయి. వంటశాలలో తోటివాళ్ళు, "లూపే, నీ మొహం ఇంతేనా, మిగతాది ఎక్కడ దాచావే" అని ఏడిపించేవారట. క్రిస్మస్‌కి ముందు తూకం వేసినప్పుడు డాక్టరమ్మ ముల్లు వైపు రెండుసార్లు చూసి, అక్క చెయ్యి పట్టుకుని ఊపింది. కొత్త సంవత్సరంలో ఆపరేషన్ అయింది. నాకు మెలకువ వచ్చేసరికి పక్కనే నర్సు ఉంది, నా కొత్త కిడ్నీ అప్పుడే పని మొదలుపెట్టిందని చెప్పింది. మా అక్కదే కదా, ఊరికే కూచోదు.

కోలుకున్నాక, అమ్మ మిగిల్చిన సన్నచాప తీసుకుని, అక్కతో కలిసి పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. నెలల తరబడి బట్టంత మెత్తగా నేసిన చాప అది, మా ఇంట్లో అంతకన్నా విలువైనది లేదు. ఆవిడ పాదాల దగ్గర పరిచాను. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, లేచి తీసుకెళ్ళి మా అక్క భుజాల మీద కప్పారు. ఆవిడకి నేనెంత రుణపడ్డానో నాకు తెలుసు. అది తీరేది కాదు, తీరాలనీ నాకు లేదు.

డాక్టర్లు సరేనన్నాక నేనూ సైకిలెక్కాను. అక్క పక్కదే ఇచ్చారు. డోలు మొదలైంది. అక్క కాళ్ళు దూసుకుపోతున్నాయి. నేను ఓ కంట ఆమె పాదాలు చూస్తూ, ఆమెకన్నా కొంచెం తక్కువగా తొక్కుతున్నాను. చేతకాక కాదు. అక్కని ఎలా దాటను?

డోలు ఆగింది. హాలంతా ఆగింది.

"పెనియమినా" అని పిలిచారు పాస్టరమ్మగారు. "ఎందుకు తగ్గుతున్నావు?"

"అక్క పక్కనుందమ్మగారూ."

"పక్కన లేదురా, నీ లోపలుంది" అన్నారు ఆవిడ. "నువ్వు తగ్గితే ఆమెని తగ్గించినట్టే."

అక్క నా వైపు తిరగలేదు. హ్యాండిల్ మీద తల ఆనించి, చేత్తో మాత్రం ముందుకి సైగ చేసింది. ఆమె భుజాలు కదలడం చూశాను. పాస్టరమ్మగారు కర్రలెత్తారు. నేను కళ్ళు మూసుకుని, నా బలమంతా పెట్టి తొక్కాను.