మళ్లీ చదివించిన మేడం

కరోనా ఏడాది మా ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌కు తాళం పడింది. తెలకపల్లిలో మా వంటింట్లోనే, ఫోన్ ముందు ప్రాక్టికల్స్. ల్యాబ్ మేడం ఉప్పు, చక్కెర డబ్బాలకు చీటీలు అంటించమన్నారు. డబ్బా తీసేటప్పుడు, కొలిచేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు చీటీ పైకి చదవాల్సిందే.

"ఉప్పు నాకు తెల్వదా మేడం?" అన్నాను ఒకసారి.

"తెలుసనుకునేటోళ్లే తప్పు చేస్తరు. మల్ల సదువు."

ల్యాబ్ చూడని చదువని భయపడుతూనే గద్వాలలో మందుల దుకాణంలో చేరాను. మొన్న ఒక ముసలాయనకు బీపీ మాత్రలనుకుని ఇచ్చి, డబ్బా అరలో పెడుతూ అలవాటుగా చీటీ చదివాను. అవి షుగరు జబ్బు మాత్రలు. దుకాణం మెట్ల మీదే ఆయన్ని ఆపి మాత్రలు మార్చాను.

ఆ సాయంత్రం మేడంకు ఫోన్‌లో అంతా చెప్పాను.

"మార్చి ఇచ్చినంక ఆ డబ్బ గూడ సదివి పెట్టినవా?" అన్నారు.

"సదివిన మేడం" అన్నాకే ఆవిడ ఊపిరి వదలడం వినిపించింది.