నాలుగు మీద పదహారు

మా అన్నయ్య గిటార్ వాయించేవాడు. నేను వైర్లు అతికించేదాన్ని. మా ఇద్దరిలో తెలివైనదాన్ని నేనేనని నాకు గట్టి నమ్మకం. ఎనభైల్లో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన ఆడపిల్లలం మా క్లాసులో ముగ్గురమే మరి, ఆ మాత్రం తల ఎగరెయ్యకుండా ఉంటానా? ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అన్నయ్య నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. బెజవాడలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాతో మొదలుపెట్టి, మద్రాసు వెళ్ళి, పన్నెండేళ్ళు సినిమా రికార్డింగుల్లో వాయించాడు. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేస్తుంటే తొంభైల మొదట్లో వాళ్ళ వెనకే తనూ వచ్చేశాడు. అప్పటికే నేనిక్కడ లౌడ్‌స్పీకర్ల యాంప్లిఫయర్లు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. అమ్మా నాన్నా లేరు. షేక్‌పేటలో ఒక ఇంటి కింద వాటా, రెండు గదులు, కిరాయికి తీసుకున్నాం. పెళ్ళి మాట ఎవరు ఎత్తినా "ముందు మా చెల్లాయిది కానివ్వండి" అని తప్పించుకునేవాడు. నన్ను అడ్డం పెట్టుకోకు అని నేను కసురుకునేదాన్ని.

మద్రాసు నుంచి తెచ్చుకున్న ఆస్తి ఏమిటయ్యా అంటే ఒక గిటారు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని పాత వాల్వ్ యాంప్లిఫయర్, దానికో స్పీకర్ల పెట్టె. అక్కడెవరో ముసలి వాద్యకారుడు వాయించడం మానేస్తూ అన్నయ్యకి ఇచ్చాడట. స్విచ్చి వెయ్యగానే పలికే రకం కాదది. లోపల గాజు వాల్వులు ఎర్రబడి వేడెక్కాలి. అందాకా అన్నయ్య దాని మీద చెయ్యి ఆనించి కూర్చునేవాడు.

"ఏంటి, జ్వరం చూస్తున్నావా?" అని ఏడిపించేదాన్ని.

పలకడం మొదలుపెడితే మాత్రం తీగ మీద వేలు ఎంత బరువుగా పడిందో కూడా వినిపించేది. పై వాటాలోంచి ఇంటావిడ మెట్లు దిగొచ్చి "ఏందయ్యా గా లొల్లి, జర తగ్గియ్" అనేది. అని, అక్కడే మెట్టు మీద కూలబడి వినేది.

హైదరాబాదులో పని దొరకడం అన్నయ్య అనుకున్నంత తేలిక కాలేదు. కీబోర్డులొచ్చేశాయి. ఒక మీట నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే గిటార్. పదిమంది కడుపు కొట్టే పెట్టె అని నేను తిట్టేదాన్ని, తను మాత్రం "పాపం వాళ్ళూ వాయిద్యగాళ్ళే కదే" అనేవాడు. ఆరేడు నెలలు ఖాళీగా తిరిగాక ఫిల్మ్ నగర్‌లో ఒక రికార్డింగ్ థియేటర్ నుంచి పిలుపొచ్చింది. కొత్త సంగీత దర్శకుడు. పాట మధ్యలో గిటార్ ఒక్కటే వినిపించే ముక్క ఉంది, దానికి వాల్వ్ మోతే కావాలని పట్టుబట్టాడు. "ఇది కుదిరిందంటే నా పాటలన్నిటికీ మీరే" అన్నాడట. ఆ మాట అన్నయ్య నాకు ఒక్క సాయంత్రంలో మూడుసార్లు చెప్పాడు.

అదే థియేటర్ మీద నాకూ ఒక ఆశ పుట్టింది. అన్నయ్యతో పాటు చూడటానికి వెళ్ళిన రోజు అక్కడొక హెడ్‌ఫోను పలకట్లేదంటే అప్పటికప్పుడు విప్పి బాగుచేశాను. సౌండింజనీరు పెద్దాయన, పాతబస్తీ మనిషి, నా చేతులకేసి చూసి "ఈడ సామాన్ చూస్కునే మనిషి కావాలె. వచ్చే నెల రా బేటా, సేట్‌తోని మాట్లాడ్త" అన్నాడు. దారి పొడుగునా అన్నయ్య మొహం వెలిగిపోతూనే ఉంది. తన పనికంటే నా పనికే ఎక్కువ మురిసిపోయాడు.

రికార్డింగుకి మూడు వారాలుందనగా వానలకి మా గది గోడలన్నీ చెమ్మెక్కి, పెట్టెలో స్పీకర్ల కాగితాలు రెండూ ఉబ్బి చిరిగిపోయాయి. నేనుండగా ఫికరెందుకని కోఠీ వెళ్ళి రెండు కొత్తవి తెచ్చాను. ఒక్కోటి ఎనిమిది ఓమ్‌లు. ఓమ్‌లంటే ఏం లేదు, కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు. రెండింటినీ పక్కపక్కన కలిపితే ఆ అడ్డు సగమై నాలుగవుతుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే పదహారవుతుంది. యాంప్లిఫయర్ వీపు మీద నాలుగు, ఎనిమిది, పదహారు అని గుర్తులున్న స్విచ్చి ఉంటుంది. పెట్టె ఎంతైతే స్విచ్చి అంత మీద ఉండాలి. ఇంతే సంగతి. స్విచ్చి నాలుగు మీద ఉంది. నేను పదహారు కలిపాను.

తెలియక కాదు, తెలుసనుకుని. మా కంపెనీలో చేసేవన్నీ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు. వాటికి ఓమ్‌లు తగ్గితేనే ప్రమాదం, పెరిగితే హాయి. నాకదే వేదం. వాల్వుల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అందులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని బలమంతా స్పీకర్లలోకి దిగిపోవాలి. దిగే దారి ఇరుకైతే ఆ బలం వెనక్కి తన్ని దాన్నే కాల్చేస్తుంది. ఇది నాకెవరూ చెప్పలేదనడానికి లేదు. అన్నయ్య చెప్పాడు.

"ఆ స్విచ్చి నాలుగు మీద ఉందే. పెట్టె కూడా నాలుగే ఉండాలని ఆ మద్రాసాయన మరీమరీ చెప్పాడు."

"ఆయన ఏం చదివాడేంటి?"

"ఏం చదవలేదులే. ముప్పై ఏళ్ళు వాడాడు."

"అయితే నోరు మూసుకుని వాయించుకో. డిప్లొమా ఎవరిది, నీదా నాదా?"

నవ్వేసి ఊరుకున్నాడు. నేనింకా చాలదన్నట్టు పెట్టె వెనక చాక్‌పీసుతో పెద్దగా '16' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. కనీసం ఆ స్విచ్చి పదహారు మీదికి తిప్పినా పోయేది. వేలితో ఒక్క తిప్పు. నాలుగు మీదే ఉంటే ఇంకా భద్రమని వదిలేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంట్లో తగ్గించి వాయించినన్నాళ్ళూ బాగానే పలికింది. రికార్డింగు రోజు పొద్దున్నే తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో యాంప్లిఫయర్ ఒక పక్క, పెట్టె ఇంకో పక్క, మధ్యలో తను ముడుచుకుని కూర్చుని వెళ్ళాడు. నేను సెలవు దొరక్క పనికి వెళ్ళాను.

సాయంత్రం నాలుగింటికి నేనొచ్చేసరికి తను గడప మీద కూర్చుని ఉన్నాడు. గదిలో కాలిన వార్నిష్ కంపు. రిహార్సల్ రెండుసార్లు బ్రహ్మాండంగా వచ్చిందట. టేకులో సంగీత దర్శకుడు ఇంకా పెంచండి, ఇంకా పెంచండి అన్నాడట. తను పెంచాడు. సగం ముక్కలో టప్‌మని ఆగిపోయి వెనక నుంచి పొగ లేచింది. అరగంట చూసి కీబోర్డు కుర్రాడితో ఆ ముక్క వాయించేసుకున్నారు.

నేను వెనక పలక విప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ మాడి నల్లగా ఉంది. వాల్వులు బాగానే ఉన్నాయి, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు నా చూపు స్విచ్చి మీద పడింది. నాలుగు. మద్రాసాయన మాట గుర్తొచ్చింది. భయంభయంగా పెట్టె తిప్పి చూస్తే నేను రాసిన అంకె లేదు. తెల్లగా అలుక్కుపోయి ఉంది. ఆటోలో రాసుకుపోయిందనుకున్నాను. పోతే పోయింది, మంచిదే అయింది అని కూడా అనుకున్నాను. ఛీ, ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన అది.

"ఏమైందే?" అన్నాడు గడప మీంచే.

"పాతదైపోయింది అన్నయ్యా. ఎన్నాళ్ళని ఉంటుంది" అన్నాను.

కాసేపు నాకేసే చూశాడు. "అవునులే. పాతదే కదా" అన్నాడు.

మర్నాడు కంపెనీలో ఒక ముసలి మెకానిక్‌ని, ఎవరో స్నేహితుడి సంగతన్నట్టు అడిగాను. వాల్వుకి ఎక్కువ ఓమ్‌లు పెడితే కాలదా మరి అని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంటికెళ్ళి చెప్పెయ్యాలనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. తర్వాతి రోజూ చెప్పలేదు.

ఆ మరుసటి నెల నన్ను థియేటర్‌లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. అన్నయ్యని మళ్ళీ పిలవలేదు. అక్కడే కాదు, ఎక్కడా పిలవలేదు. కొన్నాళ్ళు తిరిగి తిరిగి, ఫిల్మ్ నగర్‌లోనే ఒక ప్రొడక్షన్ ఆఫీసులో ఆర్టిస్టులకి కార్లు పంపే పనిలో కుదిరాడు. మధ్యాహ్నం అటుగా వెళ్తూ నా క్యారియర్ థియేటర్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి పోయేవాడు. లోపలికి రమ్మంటే "కారు ఆగి ఉందే" అనేవాడు. ఆ పాట పెద్ద హిట్టయి ఊరంతా మోగింది. ఆ గిటార్ ముక్క వచ్చే ముందు నేను రేడియో కట్టేసేదాన్ని. అన్నయ్య ఉంటే మాత్రం "ఉండనియ్యే, కుర్రాడు బాగానే వాయించాడు" అనేవాడు.

అలా ఆరేళ్ళు. సౌండింజనీరు పెద్దాయన పని మానేస్తున్న రోజు అందరికీ మిఠాయి పంచి, చాయ్ తాగుతూ నా పక్కన కూర్చున్నాడు.

"మీ అన్న చేతిల మస్తు పని ఉండె బేటా. గని సామాన్ ఫికర్ లేకుండె. నాలుగు మీద పదహారు పెట్టుకొచ్చిండు. డబ్బా ఎన్క గంత పెద్దగ రాసి ఉన్నది. ఎవరు కలిపిన్రయ్యా గిట్ల అంటే, నేనే సార్ అన్నడు. జేబురుమాల్ తీసి గా అంకె తుడుస్తనే ఉన్నడు. తన సామాన్ తనకే తెల్వనోన్ని మల్ల ఎవరు పిలుస్తరు చెప్పు? గా దినం నువ్వుంటే గట్ల కాకపోవు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆయన ఇంకేదో చెబుతున్నాడు గానీ నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఆ వారంలోనే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్ళి కోఠీలో కొత్త తీగ చుట్టించాను. ఆరేళ్ళుగా మంచం కింద పడున్న పెట్టెని బయటికి లాగి, స్పీకర్లు పక్కపక్కన కలిపాను. మీటరు పెట్టి మూడుసార్లు చూశాను. పెట్టె నాలుగు, స్విచ్చి నాలుగు. ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి.

వచ్చి దాని మీద చెయ్యి ఆనించాడు. వేడెక్కిందాకా అలాగే ఉండి, గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ రోజు థియేటర్‌లో ఆగిపోయిన ముక్కే ఎత్తుకున్నాడు. పై వాటా మెట్ల మీద ఇంటావిడ అడుగుల చప్పుడు వినిపించింది. సగం కూడా కాకుండానే ఆపేసి, ఎడమచేతి వేళ్ళు చూసుకున్నాడు.

"మెత్తబడిపోయాయే. నొప్పి పుడుతోంది" అన్నాడు. పన్నెండేళ్ళు తీగల మీద కాయలు కాసిన వేళ్ళు అవి. ఇప్పుడు నా వేళ్ళలాగే మెత్తగా ఉన్నాయి.

నాకు దుఃఖమొస్తే ముందు కోపమొస్తుంది. "నువ్వే కలిపానని చెప్పావంట కదా?" అని మీదికెళ్ళాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతే ఏం? ఎందుకు చెప్పావలా?"

"నీ పేరు చెప్తే నిన్ను తీసుకునేవాళ్ళా? నాకు ఇంకో చోట దొరుకుతుందిలే అనుకున్నాను." తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపాడు. "దొరకలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆరేళ్ళు! ఒక్క మాట ఎందుకు అనలేదు?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను" అన్నాడు. "ఒక ఏడాది చూశాను. తర్వాత చూడటం మానేశాను."

అప్పుడు చెప్పాను. నేల మీద కూలబడి, కోఠీలో స్పీకర్లు కొన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. తను వద్దన్నా నేను వినకపోవడం, అంకె రాసి గీతలు గియ్యడం, అలుక్కుపోయిన అంకె చూసి బతికిపోయాననుకోవడం, అన్నీ చెప్పాను. నేనే కలిపాను అన్నయ్యా అన్నాను. ఏడుస్తూ చెప్పడంతో చాలాసేపే పట్టింది. మధ్యలో ఎక్కడా తెలుసులే అనలేదు. గిటారు ఒళ్ళోనే పెట్టుకుని, మొదటిసారి వింటున్నవాడిలా చివరిదాకా విన్నాడు.