ఆ హోటల్లో వాంగ్మూలం

లిపొవాచ్ కొండపల్లెలో బడి అంటే రెండు గదులు, ఒక ఇనుప పొయ్యి. ఆ బడిలో అక్షరాలు దిద్దిన సెనాదా బోస్నియా దాటి హేగ్ నగరం చేరింది. యుద్ధ నేరాలకు దేశాలన్నీ కలిసి తీర్పు చెప్పే న్యాయం మీద పైచదువుకు సీటు తెచ్చుకుంది. చట్టం, చరిత్ర, ఎముకల శాస్త్రం, మనసు శాస్త్రం అన్నీ కలిపి నేర్పే చదువది. మా లోయలో అంత దూరం పోయిన ఆడపిల్ల లేదు. నాలుగు భాషల్లో తడుముకోకుండా మాట్లాడుతుంది. నమూనా కోర్టులో వాదించి జడ్జీల చేత శభాష్ అనిపించుకుంది. చెప్పుకోవలసిన గొప్పలే ఇవన్నీ.

ఆఖరి పరీక్షగా, యుద్ధాన్ని అనుభవించిన మనిషి చేత తరగతి ఎదుట మాట్లాడించాలి. సెనాదా తన మేనత్త హైరియాను బతిమాలి ఒప్పించింది. ఆ కాలం సంగతి ఇన్నేళ్లలో ఎవరి ముందూ ఎత్తని మనిషి ఆమె. తరగతంతా హేగ్ నుంచి మా ఊరికొచ్చి, మా పల్లె బడిలోనే కూర్చునేట్టు మాట.

తీరా తరగతి దిగిందెక్కడ? ఏటి ఒడ్డున వేడినీళ్ల బుగ్గ హోటల్లో. యుద్ధంలో హైరియాతో సహా మా ఆడవాళ్లను బంధించి పెట్టిన కొంప అది. ఇప్పుడు కొత్త రంగులు, ఈతకొలను, పెళ్లిళ్ల హాలు. థూ! గదులు చవక, పైగా నేరం జరిగిన చోటే గొప్ప పాఠమని ప్రొఫెసరు ఫాబర్ మురిసిపోయాడు. సెనాదా వద్దంటే వినలేదు. బడి మాట పక్కనబెట్టి, సెనాదాకు చెప్పకుండానే, ఎక్కడికో కూడా అనకుండా కారు పంపి హైరియాను హోటలుకు రప్పించాడు.

"మీ దేశంలో కాఫీ తాగనిదే మాట మొదలెట్టరట కదా, చదివాను" అంటూ రాగి గిన్నెలో కాఫీ, చక్కెర పలుకులు తెప్పించాడు.

హైరియా తలగుడ్డ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమంటాడే వీడు?"

"కాఫీ తాగమంటున్నాడత్తా."

"ఈ కొంపలో నీళ్లు ముట్టినా నా నోరు కుళ్లిపోదూ! ఎక్కడ కూర్చోబెట్టాడో తెలిసే చేశాడా, వీడి చదువు మండ!"

ఆమె మొహం చూసి ఫాబర్ గాభరాపడ్డాడు. "తీపి చాలలేదేమో, ఇంకో పలుకు వెయ్యమను."

కొలనులో ఎవరో కేరింతలు కొట్టారు. వంటింట్లోంచి కాలే గొర్రె కొవ్వు కంపు. సెనాదా అత్త మోచెయ్యి పట్టుకుని లేపింది.

"లేచిపోతే ఈ పరీక్షలో మార్కులుండవు" అన్నాడు ఫాబర్.

"మీ మార్కులు ఆ కొలనులో కలుపుకోండి సార్."

ఇద్దరూ కొండెక్కి ఇంటికొచ్చారు. హైరియా పొయ్యి రాజేసి కాఫీ పెట్టింది.

"ఇప్పుడు చెప్పత్తా. తరగతికి కాదు, నాకు."

"చెబుతా. రాత్రి ఎక్కడ పడుకున్నావే?"

సెనాదా తల దించుకుంది. "అక్కడే."

హైరియా కాఫీ గిన్నె దించేసి, పెద్ద బిందె పొయ్యి మీదికి ఎత్తింది.

"ఆ బట్టలు గుమ్మం బయటే విడిచెయ్. ఒళ్లు తోముకుని రా. అప్పుడు నా ఎదుట కూర్చుందువు గాని."